భ్రాతృ మండలిలో చిన్నోడు

హిందూపురం మార్కెట్ యార్డులో చింతపండు వేలం సాగుతున్న ఒక ఉదయాన, ఏజెంట్ రాఘవేంద్ర తన పై అధికారి కోసం వెతుకుతూ కనబడ్డ ప్రతి మనిషినీ ఒకే ప్రశ్న అడుగుతున్నాడు. “ఈ చింతపండు పాతదా, కొత్తదా?” దానికి “పాతదే, గింజ తీసింది” అని ఎవరు జవాబిస్తే వారే తన మనిషి. ఈ సంకేతాన్ని రూపొందించిన ఢిల్లీ మేధావి చింతపండును సీసాలోనే తప్ప బస్తాలో చూసినవాడు కాడు. ఆ యార్డులో ఆ ప్రశ్న అడగని మనిషీ, ఆ జవాబు చెప్పని మనిషీ లేరని ఆయనకు తెలిసే అవకాశమూ లేదు. తత్ఫలితంగా మన ఏజెంటు ఒక నిజమైన వ్యాపారి వెంట కాటా దాకా నడిచి, బేరం కుదరలేదని చెప్పి, తిట్లు తిని వెనక్కు వచ్చాడు.

పై అధికారి గంగాధర్ బస్తాల చాటున మండీ యజమాని వేషంలో కూర్చుని ఉన్నాడు. భుజం మీది కండువాకు అంగడి చీటీ ఇంకా అంటుకునే ఉంది. పక్క షెడ్డులో మిరపకాయలు దింపుతున్నందున దేశ రహస్యాలన్నీ ఆయన తుమ్ముకూ తుమ్ముకూ మధ్యనే వెలువడ్డాయి.

సోమందేపల్లి అవతల కొండ మీద ఒక రాడార్ పరీక్షా కేంద్రం ఉంది. దాని ఫ్రీక్వెన్సీ టేబుల్ బయటికి పోయింది. కాపీ చేసిన ఇంజనీరు దొరికాడు. టేబుల్ దొరకలేదు.

“ఎవరికిచ్చాడు సార్?”

“సుచిత్ర అనే ఆమెకు. ఈ ఊళ్లోనే సిల్క్ షోరూమ్ నడుపుతుంది. విదేశీ ముఠా ఆమెను తమ మనిషి అనుకుంటోంది. నిజానికి మన మనిషి.”

“మన మనిషైతే టేబుల్ మన దగ్గరే ఉండాలి కదా సార్.”

గంగాధర్ ఈ తర్కాన్ని తుమ్ముతో దాటవేశాడు. ముఠాకు అనుమానం రాకుండా దాన్ని ముందుకు పంపించక తప్పలేదని, పెనుకొండ భ్రాతృ మండలి సభ్యుడొకరికి చేరేలా వదిలేశానని, ఆ సభ్యుడెవరో తనకూ తెలియదని సుచిత్ర చెప్పిందట. మండలి వార్షికోత్సవం నాడు ఒక విదేశీ అతిథిని సోదరుడిగా చేర్చుకుంటారు. టేబుల్ ఆ రోజే, ఆ హాల్లోనే చేతులు మారుతుంది. సభ్యులు తప్ప ఇతరులు ఆ గడప తొక్కరాదు. కనుక రాఘవేంద్ర సభ్యుడు కావాలి.

“అది దేశం దాటిందా, కొత్త టేబుల్ సిద్ధమయ్యేదాకా మన పైలట్లు కళ్లకు గంతలు కట్టుకుని ఎగరాలి” అన్నాడు గంగాధర్. ఆ ఒక్క మాటా ఆయన తుమ్మకుండా చెప్పాడు.

కవర్, అంటే దొంగ గుర్తింపు, సిద్ధంగానే ఉంది. పేరు కేశవ, ఊరు మడకశిర, వృత్తి బోర్లు వేయించే కాంట్రాక్టు. అసలు రాఘవేంద్ర ధర్మవరంలో ఒక మగ్గం ఇంట పుట్టి, చిన్ననాడే ఆ ఊరు వదిలి, హాస్టళ్లలో పెరిగినవాడు. అతని సర్వీసు ఫైల్లో అన్నదమ్ములు అన్న గడి ఎదుట లేరు అని ఉంది. డిపార్ట్‌మెంటు దాన్ని అర్హతగా పరిగణించింది.

సుచిత్ర అతన్ని షోరూమ్‌లో కలుసుకుంది. ఆమె కూర్చున్న తీరులో ఒక సామ్రాజ్ఞి, మాట్లాడిన తీరులో ఒక ఆడిటరు కనిపించారు. ఆమె నవ్వినప్పుడు మటుకు రాఘవేంద్రకు తన జేబులు తడిమి చూసుకోవాలనిపించింది.

“ఆ మండలికి నేను గడప దాకానే కేశవగారూ. ఆడదాన్ని కదా” అందామె. “కానీ లోపల వాళ్లు కప్పుకునే ప్రతి ఉత్తరీయమూ నా అంగడి నుంచే పోతుంది. మీకు జామీను నిలబడేదానికి ఒక పెద్దాయన ఉండాడు. ధర్మవరం శంకరప్ప. డిజైన్ మాస్టరు. ఆయన తలకాయ ఊపితే మండలి అంతా ఊపుతుంది.”

*

పెనుకొండ భ్రాతృ మండలి పుట్టుక గురించి కొంత చెప్పాలి. ఆంగ్లేయుల హయాంలో కొందరు రైల్వే గార్డులు, అమీన్లు, పట్టు వర్తకులు, తమ దొరలు క్లబ్బుల్లో తలుపులు మూసుకుని ఏదో మహత్కార్యం చేస్తున్నారని అనుమానించి, తామూ తలుపులు మూసుకుని కూర్చోవాలని తీర్మానించారు. లోపల ఏమి చేయాలన్నది తర్వాత ఆలోచించారు. కొండ కింద ఒక రాతి హాలు కట్టారు. సభ్యుల్లో అందరికన్నా పెద్దవాడు పెద్దన్న, అందరికన్నా చివర చేరినవాడు చిన్నోడు. మధ్యనున్న వారందరూ నడిపన్నలు. వందేళ్లకు పైగా ఈ రాజ్యాంగానికి సవరణ అవసరం కలగలేదు.

పదవీ విరమణ చేసిన రైల్వే గార్డు సుంకప్ప ప్రస్తుత పెద్దన్న. ఆయన గడప దగ్గర నిలబడి రాఘవేంద్రకు మొదటి నియమం వినిపించాడు. చెప్పులు, ఫోను, వాచీ, చొక్కా బయట విడవాలి. లోపల పంచె, ఉత్తరీయం తప్ప మరే గుడ్డా ఒంటి మీద ఉండరాదు.

రాఘవేంద్ర చొక్కా రెండో గుండీలో కెమెరా ఉంది. జేబులోని పెన్నులో రికార్డరు ఉంది. కుడి చెప్పు మడమలో ట్రాన్స్‌మిటరు ఉంది. ఒక శాస్త్రవేత్తల బృందం ఎంతో కాలం శ్రమించి నిర్మించిన ఈ ఆయుధాగారం ఒక కొయ్యకు వేలాడుతూ, ఆ ఉదయమంతా సుంకప్పగారి చొక్కా వీపును అత్యంత స్పష్టంగా చిత్రీకరించింది.

లోపల శంకరప్ప అతని వెనక నిలబడి రెండు భుజాల మీదా చేతులు వేశాడు. అరవై దాటిన బక్కపలచటి మనిషి. ఆ వేళ్ల కొసలు గట్టిగా, కాయలు కాచి ఉన్నాయి. రాఘవేంద్రకు ఆ స్పర్శ ఎక్కడో తెలిసినదనిపించింది, ఎక్కడిదో వెంటనే తట్టలేదు.

“నీకు అన్నదమ్ములు ఉండారా?” అని సుంకప్ప అడిగాడు.

“లేరు” అన్నాడు రాఘవేంద్ర. ఆ రోజు అతను చెప్పిన ఒకే ఒక్క నిజం అది.

“ఇప్పుడుండారు” అన్నారు అందరూ ఒక్క గొంతుతో.

ఎన్నో దేశాల్లో ఎన్నో ప్రమాణాలు అబద్ధంగా చేసిన ఏజెంటు ఆ మాటకు తనకు తెలియకుండానే తల వంచాడు. అది మంచి నటన అని తనకు తాను చెప్పుకున్నాడు. తర్వాత ప్రమాణం చేశాడు. అన్న ఆకలిగా ఉంటే నేను తినను. అన్న చిక్కులో ఉంటే నేను తప్పుకోను. అన్న మీద సాక్ష్యం చెప్పను.

చివరగా ఇత్తడి దీపపు సెమ్మె ఒకటి అతని చేతికిచ్చారు. అది చిన్నోడి చిహ్నం. మరొకరు చేరి ఆ దీపం అందుకునేదాకా అతనే చిన్నోడు. చిన్నోడి విధులు అనేకం. నీళ్లు పోయాలి. సభ ముగిశాక కొయ్యల మీది చొక్కాలు తీసి పెద్దలకు అందివ్వాలి. సోదరుడెవరైనా ఆస్పత్రి పాలైనా, జైలు పాలైనా ప్రతి ఆదివారం తన చేత్తో వండి క్యారియరు మోసుకుపోవాలి. ఇన్నిటికీ బదులుగా చిన్నోడికి ఒకే హక్కు. వార్షికోత్సవం నాడు ఏ సోదరుడినైనా, అతని ఒంటి మీదున్న ఒక వస్తువును అడగవచ్చు. ఆ సోదరుడు కాదనరాదు. మండలి చరిత్రలో ఇప్పటిదాకా ఈ హక్కుతో సాధించినవి చిటికెడు పొడుము, వక్క, ఒకసారి మాత్రం మొలతాడు.

*

వార్షికోత్సవానికి ఉత్తరీయాలు తెచ్చే పని కూడా చిన్నోడిదే. రాఘవేంద్ర ధర్మవరంలో బస్సు దిగి, రెండు పక్కలా మగ్గాల చప్పుడు వినబడే ఆ వీధిలో తల వంచుకుని నడిచాడు. ఊరు తనను గుర్తు పడుతుందేమోనని అతనికి బెదురు. ఊరు గుర్తు పట్టలేదు. ఆ సంగతి కూడా అతనికి నచ్చలేదు.

శంకరప్ప రాగి సంగటి ముద్ద, ఊరిబిండి పచ్చడి పెట్టి, తను తినకుండా ఎదురుగా కూర్చున్నాడు. గోడ పొడుగునా జకార్డు అట్టలు తోరణాల్లా వేలాడుతున్నాయి. అట్టలో బెజ్జం ఉన్నచోట మగ్గం మీద దారం లేస్తుంది, లేనిచోట లేవదు. ఆ బెజ్జాల వరసే అంచు మీద పువ్వుగానో పిందెగానో దిగుతుంది. ఒకప్పుడు ధర్మవరంలో సగం చీరల అంచులు శంకరప్ప చేతి మీదుగా వెళ్లినవే. ఇప్పుడు ఆ పని కంప్యూటరు చేస్తుంది.

ఉత్తరీయాల మూట పక్కన మరొకటి విడిగా, పట్టు గుడ్డలో చుట్టి ఉంది. అతిథిదని శంకరప్ప చెప్పాడు. రాఘవేంద్ర దాన్ని చేతిలోకి తీసుకున్నాడు. తీసుకున్నవాడు, ఏ శిక్షణా కాలంలోనూ ఎవరూ హెచ్చరించని పొరపాటు చేశాడు. బట్ట ముఖం చూడకుండా, అంచును తిరగేసి, వెనక వైపు దారాలను బొటనవేలితో తడిమాడు.

శంకరప్ప ఆ వేలినే చూస్తున్నాడు.

“బోర్లు యాస్తానంటివే. తిరగేసి చూసేది యాడ నేర్చుకుంటివబ్బీ?”

కొనేటప్పుడు అందరూ చూస్తారు కదా అన్నాడు రాఘవేంద్ర.

“కొనేవాడు ముఖం చూస్తాడు. అమ్మేవాడు జరీ చూపిస్తాడు. ఎనకపక్క వేలు పెట్టేది మగ్గం గుంతలో నాయన పక్కన కూర్చున్న బిడ్డే.”

చేరిక నాడు భుజాల మీద పడ్డ ఆ కాయల వేళ్ల స్పర్శ ఎక్కడిదో రాఘవేంద్రకు అప్పుడు తట్టింది, తన నాయన వేళ్లూ అట్లాగే ఉండేవి. కానీ అతని బొటనవేలికి మరొకటి కూడా తట్టింది. ఏ అంచు డిజైనైనా జానెడు దూరం పోయి మళ్లీ మొదటికి రావాలి. ఈ అంచు రావడం లేదు. చుక్కలు, సందులు, మళ్లీ చుక్కలు. చివరిదాకా ఎక్కడా మొదటికి రాలేదు. ఫ్రీక్వెన్సీ టేబుల్ అతని ఒళ్లో, పట్టు దారంలో, మెత్తగా మడత పెట్టి ఉంది.

“ఇది తిరిగి రావడం లేదన్నా” అన్నాడు.

శంకరప్ప ముఖంలోకి భయానికి ముందు వెలుగు వచ్చింది. తర్వాత ఎంత కాలం గడిచినా రాఘవేంద్ర మరచిపోలేకపోయింది ఆ వెలుగునే.

“రాదు. చూడు, యాడన్నా వస్తుందేమో. నా బతుకంతా మామిడిపింది, మల్లెమొగ్గ, మల్ల మామిడిపింది. ఆ సుచిత్రమ్మ కాయితాలు తెచ్చి, కంప్యూటరుకు ఇయ్యకూడదు మాస్టరా, అట్టల బెజ్జాలు నీ చేత్తోనే కొట్టల్ల అనె. ఇట్లాటిది ఈ ఊర్లో ఎవురూ కొట్టల్యా, కొట్టల్యారు.”

“ఎందుకో అడగలేదా అన్నా?”

“అడగల్యా.” ఆయన ఆ అంచును మళ్లీ ముఖం వైపుకు తిప్పాడు. “అడిగింటే చెప్పేసేదేమో. చెప్తే నేను చెయ్యకూడదు గదా.”

బయట కారు హారన్ మోగింది. సుచిత్ర డ్రైవరు అతిథి ఉత్తరీయం కోసం వచ్చాడు. శంకరప్ప దాన్ని మడిచి, గడప దాకా వెళ్లి ఇచ్చి వచ్చాడు. ఇచ్చేటప్పుడు డ్రైవరు చెవిలో ఒక్క మాట వేస్తే రాఘవేంద్ర కథ ఆ వీధిలోనే ముగిసేది. ఆయన ఏ మాటా అనలేదు.

“నువ్వెవురో నేను అడగను. అడగనిదే నాకు అలవాటు” అన్నాడు తిరిగి వచ్చి. “నీకు జామీను నిలబడింటి. తమ్ముడివి. తిను, సంగటి ఆరిపోతాండాది.”

బస్టాండు నుంచి రాఘవేంద్ర గంగాధర్‌కు ఫోన్ చేశాడు. టేబుల్ ఏ రూపంలో ఉందో చెప్పాడు. ఇప్పుడే ముట్టుకోవద్దని, కొనేవాడితో సహా పట్టాలని, ముందు గేటు దగ్గర టీమ్‌ను నిలబెడతానని గంగాధర్ అన్నాడు. తర్వాత, ఆ అంచు చేసిందెవరని అడిగాడు.

“ఇంకా తెలియదు సార్.”

వృత్తిరీత్యా అతను చెప్పిన అబద్ధాలు ఒక గ్రంథాలయమంత. ఇది మాత్రం నాలుక మీద అడ్డం తిరిగింది.

*

వార్షికోత్సవం నాడు పెనుకొండ హాలు ఎదుట దేశ భద్రత వివిధ వేషాల్లో మోహరించింది. చెరుకు రసం అమ్మేవాడికి మిషను తిప్పడం రాలేదు. సోడా అమ్మేవాడు గిరాకీలను కసురుకుంటున్నాడు. చిలక జోస్యం చెప్పే పెద్దమనిషి పంజరంలో చిలకే లేదు.

అతిథి పేరు డాక్టర్ మార్టిన్. లేపాక్షి స్తంభాల మీద పరిశోధన చేస్తున్న పండితుడిగా ఆయన ఇక్కడ అవతరించాడు. చొక్కా విప్పిన ఆయన ఛాతీ ఎండకు కమిలి, దానిమ్మ పండులా మెరుస్తోంది. మండలి ఆచారాలన్నిటినీ ఆయన సభ్యులకన్నా బాగా కంఠస్థం చేశాడు. అన్నదమ్ములున్నారా అన్న ప్రశ్నకు గ్రాంథికంలో జవాబు చెప్పి సుంకప్పను కంగారుపెట్టాడు.

రాఘవేంద్ర దీపం పట్టుకుని నిలబడి ఉన్నాడు. పక్కకు వచ్చిన శంకరప్ప వత్తి సవరిస్తున్నట్టు వంగాడు.

“చెరుకు రసమోడు మీవాడేనా?” అన్నాడు, పెదవులు కదలకుండా. “ముందర గేటు కాడ ఏం దొరకదు. బండి ఎనక సందులో ఉండాది. ముందర నిలబడమని మీవోళ్లకు చెప్పింది సుచిత్రమ్మే. నగుతా నగుతా నాకు చెప్పె.”

చొక్కాతో పాటు ఫోను కూడా కొయ్యకు వేలాడుతోంది. హాలు దాటి వెళ్తే, చిన్నోడు సభ మధ్య దీపం తీసుకుపోతున్నాడని అందరూ అడ్డుపడతారు. అరిచినా గేటు దాకా వినబడదు. మార్టిన్ ప్రమాణం ముగించాడు. సుంకప్ప పట్టు గుడ్డ విప్పి, ఆ ఉత్తరీయాన్ని ఆయన భుజాల మీద కప్పాడు. ఇక మిగిలింది దీపం అందించడమే. అది చేతులు మారిన మరుక్షణం మార్టిన్ చిన్నోడు, రాఘవేంద్ర అనేక నడిపన్నల్లో ఒకడు. మార్టిన్ అప్పుడే రెండు చేతులూ చాచాడు.

“పెద్దన్నా” అన్నాడు రాఘవేంద్ర. “నా కోరిక ఇంకా తీరలేదు.”

“పొడుమైతే నా కాడుండాది, తర్వాత ఇస్తా” అన్నాడు సుంకప్ప.

“మీ దగ్గర కాదు. ఈ అన్న దగ్గర.”

హాల్లో గుసగుసలు లేచాయి. సుంకప్ప కళ్లు మూసుకుని, ఒక రైలును పచ్చజెండాతో పంపాలా ఎర్రజెండాతో ఆపాలా అని తేల్చుకునే గాంభీర్యంతో ఆలోచించాడు. “ప్రమాణం అయిపోయింది, అందుకని అన్నదమ్ముడే. దీపం అందల్యా, అందుకని చిన్నోడు కాదు. అడగచ్చు. ఏం కావల్ల?”

“ఉత్తరీయం.”

మార్టిన్ నవ్వాడు. వేలి ఉంగరం తీసి ఇవ్వబోయాడు. రాఘవేంద్ర తల అడ్డంగా ఊపాడు. మార్టిన్ నవ్వు ఆగింది. ఆయన అభ్యసించిన పుస్తకాల్లో దీక్షా విధి అంతా ఉంది గానీ, చిటికెడు పొడుము కోసం వాడుకునే ఈ చిల్లర హక్కును ఏ పండితుడూ గ్రంథస్థం చేయలేదు.

“తమ్ముడు అడిగింది ఇయ్యనోడు అన్నదమ్ముడెట్లయితాడప్పా?” అన్నాడు సుంకప్ప. “ఇచ్చేదన్నా ఇయ్యి, ల్యాకుంటే మాది మాకు ఇడిచి పో.”

ఇస్తే ఉత్తరీయం పోతుంది, ఇవ్వకపోయినా పోతుంది. మార్టిన్ ఈ శాస్త్ర చర్చను పొడిగించలేదు. నడిపన్నలను తోసుకుని వెనక తలుపు వైపు దూకాడు. సందులో కారు ఇంజన్ నడుస్తూనే ఉంది. కానీ తలుపు గడప మీద శంకరప్ప అడ్డంగా కూర్చుని ఉన్నాడు. ఎప్పుడు వెళ్లి కూర్చున్నాడో ఎవరూ చూడలేదు. మార్టిన్ ఆయన్ను దాటడానికి ఒక్క అర అడుగు వెనక్కు తగ్గాడు. రాఘవేంద్రకు అది చాలింది. ఎడమ చేతిలో దీపం ఆరకుండా, కుడి చేత్తో ఉత్తరీయపు కొంగు పట్టి లాగాడు. మార్టిన్ గోడకు తగిలి కూలబడ్డాడు. టేబుల్ నేల మీద మెత్తగా పరుచుకుంది.

కేకలు విని గంగాధర్ టీమ్‌తో పరుగెత్తుకు వచ్చాడు. గడప దగ్గర సుంకప్ప వాళ్లందరి చేతా బూట్లు విప్పించాడు.

మార్టిన్‌కు సంకెళ్లు పడ్డాక గంగాధర్ ఉత్తరీయాన్ని ముఖం వైపు తిప్పి పట్టుకుని, హాలంతా కలయజూశాడు. ఇప్పుడైనా తెలిసిందా, ఈ అంచు ఎవరి పని అని రాఘవేంద్రను అడిగాడు.

జవాబివ్వకపోతే, ఈ హాల్లోని ప్రతి ముసలి మనిషినీ లారీ ఎక్కిస్తారు. రాఘవేంద్రకు ఆ పద్ధతి తెలుసు, స్వయంగా అమలు చేసినవాడు. అతను శంకరప్ప వైపు చూశాడు. ఆయన ఇంకా గడప మీదే ఉన్నాడు.

“దీపం కిందపెట్టి చెప్పబ్బీ” అన్నాడు శంకరప్ప. “చేతిలో దీపం పెట్టుకోని అన్న పేరు చెప్పకూడదు.”

రాఘవేంద్ర వంగి దీపం కింద పెట్టాడు. నిలబడి పేరు చెప్పాడు.

సభ ముగిసినట్టే కనుక, అతను కొయ్య దగ్గరికి వెళ్లి, శంకరప్ప చొక్కా తీసుకువచ్చి అందించాడు. అది చిన్నోడి విధి. శంకరప్ప గుండీలు ఒకటి తప్పించి పెట్టుకున్నాడు. రాఘవేంద్ర వాటిని విప్పి మళ్లీ సరిగ్గా పెట్టాడు.

*

సుచిత్ర కొడికొండ చెక్‌పోస్టు దగ్గర దొరికింది. ఆమె వద్ద రెండు పక్షాల గుర్తింపు కార్డులూ ఉన్నాయి, రెండూ అసలువే. ఆమెను అరెస్టు చేయాలా, సన్మానించాలా అన్న విషయమై డిపార్ట్‌మెంటు ఇప్పటికీ సమాలోచనలు జరుపుతూనే ఉంది. గంగాధర్‌కు పదోన్నతి లభించింది. మార్టిన్‌ను పారిపోకుండా ఆపింది గడప మీద కూర్చున్న ముసలివాడేనన్న వాక్యాన్ని రాఘవేంద్ర నివేదికలో రాశాడు. నేరం నేరమేనని జవాబు వచ్చింది.

మండలి కూడా విచారణ జరిపింది. కేశవ అన్న పేరు అబద్ధం, మడకశిర అబద్ధం, బోర్లు అబద్ధం. కాబట్టి చేరిక చెల్లదని కొందరు వాదించారు. సుంకప్ప తీర్పు చెప్పాడు. ఉత్తరీయం కప్పింది పేరుకు కాదు, భుజాలకు. ప్రమాణం తప్పినవాడిని వెలివేసే నియమం మండలిలో లేదు, ఎందుకంటే ప్రమాణం తప్పుతారని స్థాపకులకు తట్టలేదు. మార్టిన్ దీపం అందుకోలేదు. అందుచేత చిన్నోడు ఇంకా ఇతనే. చిన్నోడి విధులు చిన్నోడివే.

ఆ విధంగా, ప్రతి ఆదివారం పొద్దున భారత ప్రభుత్వపు ఏజెంటు ఒకడు హిందూపురంలో తన గది పొయ్యి మీద సంగటి కెలికి, ఊరిబిండి రుబ్బి, క్యారియరు పట్టుకుని పెనుకొండ బస్సు ఎక్కుతాడు. ఆ సంఘటన తర్వాత మండలిలో చేరతామని ఎవరూ ముందుకు రాలేదు. వచ్చే సూచనలు కూడా లేవు.

సబ్‌జైలు ములాఖత్ గదిలో శంకరప్ప క్యారియరు మూత తీసి, ఊరిబిండిని వేలితో తాకి చూస్తాడు. ఉత్తరీయం గురించి గానీ, కేసు గురించి గానీ ఏనాడూ ఎత్తలేదు. అడిగేది ఒక్కటే.

“ఎవురన్నా చేరినారా అబ్బీ?”

“లేదన్నా.”

“అట్లయితే” అంటాడు శంకరప్ప, ముద్ద కలుపుతూ, “వచ్చే ఆదివారం కారం రవ్వంత తగ్గించు.”